ఏడు వృథాల లెక్కకు అందని కరెంటు

చాలా కంపెనీల్లో సుస్థిరత విభాగం ఒక చోట, ఉత్పత్తి మెరుగుదల బృందం మరో చోట పనిచేస్తాయి. మొదటిది ఏడాదికోసారి అందమైన నివేదిక తెస్తుంది. రెండోది రోజూ షాప్‌ఫ్లోర్ బోర్డు ముందు నిలబడి నిన్నటి షిఫ్టులో ఏం చెడిందో, ఎందుకు చెడిందో అడుగుతుంది. కర్బన ఉద్గారాలు నిజంగా తగ్గాలంటే వాటి గురించిన ప్రశ్న కూడా ఆ బోర్డు ముందే పుట్టాలి.

టయోటా ఇంజినీరు తైచి ఓనో ఏడు రకాల వృథాలను గుర్తించారు: అధికోత్పత్తి, నిరీక్షణ, అనవసర రవాణా, అక్కర్లేని ప్రాసెసింగ్, పేరుకుపోయే నిల్వలు, వృథా కదలికలు, లోపాలు. వృథాను తగ్గిస్తూ ఉత్పత్తి చేసే లీన్ విధానానికి ఇదే పునాది. వీటిలో ప్రతిదాని వెనుకా పర్యావరణ నష్టం ఉంది. లోపమున్న ఒక్క భాగాన్ని పారేస్తే దాని తయారీకి వాడిన లోహం, నీరు, కరెంటు అన్నీ దాంతోపాటే పోయినట్టు. అయితే ఆ జాబితాలో ఇంధనానికీ నీటికీ విడిగా చోటు లేదు. ఓనో కాలంలో పట్టి పీడించిన కొరత వేరు కాబట్టి అది అర్థం చేసుకోదగిందే. ఇప్పటికీ అదే జాబితాను మార్పు లేకుండా వాడటమే నాకు మింగుడుపడదు.

యంత్రాలను నడపడానికి కంప్రెసర్ ఒత్తిడితో పంపే గాలి, అంటే కంప్రెస్డ్ ఎయిర్ సంగతే చూడండి. పైపు జాయింటు దగ్గర గాలి లీకవుతున్నా యంత్రం ఆగదు, సరుకు చెడదు, ఎవరి లక్ష్యమూ తప్పదు. అందుకే లీన్ కొలమానాల్లో ఏదీ దాన్ని పట్టుకోదు. నిర్వహణ సరిగా లేని ప్లాంట్లలో కంప్రెసర్ ఇచ్చే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. దీనికి కొత్త సిద్ధాంతం అక్కర్లేదు. ఆపరేటర్ లీకు దగ్గర ట్యాగ్ కట్టడం, మెయింటెనెన్స్ వాళ్లు గడువులోగా సరిచేయడం, మళ్లీ కొలవడం, అంతే. అచ్చమైన కైజెన్, అంటే కొద్దికొద్దిగా నిరంతరం మెరుగుపరిచే పద్ధతి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: లీకులు మూసేశాక కంప్రెసర్ కంట్రోల్‌నూ తగ్గిన అవసరానికి తగ్గట్టు సరిచేయాలి. లేదంటే అది ఊరికే తిరుగుతూ కరెంటు తింటూనే ఉంటుంది, ఆదా బిల్లులో పెద్దగా కనిపించదు. ఫ్యాన్లూ ఇంతే. గాలిని డ్యాంపరుతో, అంటే దారిని మూసే పలకతో అడ్డుకునే బదులు వేగాన్నే 20 శాతం తగ్గించగలిగితే, చాలా సందర్భాల్లో విద్యుత్ అవసరం దాదాపు సగానికి పడిపోతుంది.

త్రీఎం సంస్థ 1975లోనే కాలుష్యాన్ని పుట్టిన చోటే నివారిస్తే లాభమూ వస్తుందంటూ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 2011లో వచ్చిన ఐఎస్‌ఓ 50001 ఇంధన ప్రమాణం కూడా నాణ్యతా ప్రమాణాలు నడిచే ప్రణాళిక, అమలు, తనిఖీ, సవరణ చక్రం మీదే నడుస్తుంది. అంటే పనిముట్లన్నీ చేతిలోనే ఉన్నాయి.

అలాగని రెండు లక్ష్యాలూ ఎప్పుడూ ఒకే దారిలో నడుస్తాయనుకోవడం తప్పు. నిల్వలు తగ్గించేందుకు సరుకును చిన్న చిన్న విడతల్లో తెప్పిస్తే లారీలు సగం ఖాళీగా తిరగొచ్చు. పెయింట్ షాపులో బ్యాచ్‌లు చిన్నవైతే రంగు మార్చిన ప్రతిసారీ కడగాలి, సాల్వెంట్ ఎక్కువ ఖర్చవుతుంది. తయారీ దశలన్నిటినీ వరుసగా గీసి చూపే వాల్యూ స్ట్రీమ్ మ్యాప్‌లో ప్రతి దశ కింద సమయంతో పాటు కరెంటు యూనిట్లు, నీటి లీటర్లు, ఉద్గారాలు కూడా రాస్తే ఈ ఘర్షణ కళ్లకు కడుతుంది. అప్పుడు నిర్ణయం తెలిసి తీసుకున్నదవుతుంది.

ఇంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. ఆవిరి యంత్రాలు పొదుపుగా మారినకొద్దీ బొగ్గు వాడకం పెరుగుతోందని జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే చెప్పారు. టన్ను సరుకుకు ఉద్గారాలను 10 శాతం తగ్గించిన కంపెనీ అదే సమయంలో ఉత్పత్తిని 30 శాతం పెంచిందనుకుందాం. మొత్తం ఉద్గారాలు 17 శాతం పెరిగినట్టే. వాతావరణం చూసేది ఆ మొత్తాన్నే. కాబట్టి షాప్‌ఫ్లోర్ బోర్డు మీద టన్నుకు ఎంతన్న లెక్క పక్కనే మొత్తం లెక్కా ఉండాలి. ప్లాంట్ మేనేజర్ పనితీరు మదింపులోకీ అది రావాలి.

ఈ చర్చలోకి ఫైనాన్స్ విభాగాన్నీ లాగాలి. పెట్టుబడి రెండేళ్లలో తిరిగి రావాలన్న నియమం పెట్టుకుంటే, వృథాగా పోయే వేడిని తిరిగి వాడుకునే పరికరం నాలుగేళ్లకు గిట్టుబాటయ్యేదైనా తిరస్కరణకు గురవుతుంది. పదిహేనేళ్లు పనిచేసే పరికరాన్ని రెండేళ్ల కొలతతో తూచే ఆ నియమాన్ని మార్చే అధికారం కైజెన్ బృందానికి లేదు, పై యాజమాన్యానికి ఉంది.