జ్ఞాపిక మీద ఉన్న పేరు నాది కాదు

నిన్న సాయంత్రం ఒడిషా సరిహద్దులోని మా పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవం జరిగింది. ఆగస్టు 29 గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన 1880లో ఉపాధ్యాయుడిగా చేరిన ఊరు ఇదే కాబట్టి, సరిహద్దుకు ఇవతల మిగిలిపోయిన మాబోటి తెలుగువాళ్లం ఏటా ఆ రోజున ఒకచోట చేరి, నాలుగు మంచి మాటలు విని, ఆకు దొన్నెల్లో పులిహోర తిని ఇళ్లకు వెళ్తుంటాం. ఈసారి విశ్రాంత ఉపాధ్యాయులను సత్కరిస్తామన్నారు, అందులో నన్నూ పిలిచారు. పద్దెనిమిదేళ్లుగా నన్ను ఎరిగిన పెద్దమనిషి ఒకాయన మైకు పట్టుకొని, "ఇప్పుడు మనందరికీ ఆప్తులు, తెలుగు మాస్టారు శ్రీ కామేశ్వరరావు గారిని వేదిక మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అన్నారు.

నా పేరు యోగేశ్వరరావు. కామేశ్వరరావు గారు పోయి నాలుగేళ్లయింది.

ఆయన పెద్దకర్మ నాడు నేనూ ఈ మైకు పెద్దమనిషీ ఒకే బంతిలో పక్కపక్కన కూర్చొని భోజనం చేశాం. గుమ్మడికాయ దప్పళం ఆయన రెండుసార్లు అడిగి వేయించుకున్న సంగతి కూడా నాకు గుర్తుంది. అటువంటి మనిషి నిండు సభలో ఆ పేరు పిలిచేసరికి వెనక వరుసలో ఎవరో "ఓలమ్మో" అన్నారు, ముందు వరుసలో ఒక ముసలావిడ రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నారు. ఆ నమస్కారం నాకో, పోయినాయనకో తెలియక, పిలుపు మాత్రం నా వైపే చూస్తూ పిలిచారు కనుక, లేచి వెళ్లి శాలువా కప్పించుకొని వచ్చాను. నన్ను బాధపెట్టింది అది కూడా కాదు. దిగి వచ్చాక పక్కకు పిలిచి నెమ్మదిగా చెబితే, ఆయన నా భుజం తట్టి నవ్వుతూ అన్న మాట ఇది: "ఏటనుకోకండి మాస్టారూ, నాకు పేర్లు గుర్తుండవు. మొహం గుర్తుంటే చాలు కదా!"

ఈ మాటను ఎంత మంది ఎంత గర్వంగా అంటారో మీరు గమనించే ఉంటారు. పేర్లు గుర్తుండకపోవడం ఏదో గొప్పవాళ్లకు మాత్రమే వచ్చే జబ్బైనట్టు, ఇంకా పెద్ద సంగతులతో బుర్ర నిండిపోయి చోటు చాలనట్టు చెప్పుకుంటారు. తీసుకున్న అప్పు గుర్తుండదని ఇదే నవ్వుతో చెప్పి చూడమనండి. పైగా నిన్నటి ముఖ్య అతిథి ఈ ఊరికి మొదటిసారి వచ్చిన అధికారి. మధ్యాహ్నం మూడింటికి పరిచయమైన ఆ అధికారి పేరును ఇంటిపేరుతో, చదువుతో, హోదాతో సహా మా పెద్దమనిషి చేతిలో కాగితం లేకుండా ఐదుసార్లు పలికారు, ఒక్క అక్షరం జారలేదు. అంటే ఆయన జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదన్నమాట, పని ఎవరితో ఉంటుందో దానికి బాగా తెలుసు.

మొహాలనే గుర్తుపట్టలేని బాధ నిజంగా ఒకటి ఉంది. 1947లో యోఆకిం బోడామర్ అనే జర్మన్ వైద్యుడు దానికి ప్రోసోపగ్నోసియా అని పేరు పెట్టాడు. వయసు మీద పడి, కన్నబిడ్డల పేర్లే తడుముకునే పెద్దలూ ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపమెందుకుంటుంది? మొహం గుర్తుంటుందని నోరారా ఒప్పుకున్నాక మా పెద్దమనిషి ఆ లెక్కలోకి రారు.

పేరు గుర్తుపెట్టుకోవడం కష్టమైన పనేనని నేనూ ఒప్పుకుంటాను. 1987లో కొందరు ఆంగ్ల పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం చేశారు. కొత్త మొహాలు చూపించి, ఒక్కొక్కరి పేరూ వృత్తీ చెప్పి, తరువాత అడిగారు. బేకర్ అన్న మాటను రొట్టెలు కాల్చే పనిగా చెప్పినప్పుడు జనానికి బాగానే గుర్తుంది, అదే మాటను మనిషి పేరుగా చెప్పినప్పుడు జారిపోయింది. రొట్టెలు కాల్చేవాడు అనగానే పొయ్యి, పిండి, వాసన అన్నీ వచ్చి మనసులో కూర్చుంటాయి. పేరుగా వచ్చినప్పుడు ఆ మాట వెంట ఏదీ రాదు, ఉత్త శబ్దం మిగులుతుంది. ఉత్త శబ్దం ఎంతసేపని నిలుస్తుంది?

ఈ చిక్కుకు మన పెద్దవాళ్లు ఏ ప్రయోగమూ చెయ్యకుండానే విరుగుడు కనిపెట్టారని నా నమ్మకం. మా వైపు కొత్త మనిషి అరుగు ఎక్కగానే మా తాతగారు "ఎవరి తాలూకు బాబూ?" అని అడిగేవారు. పేరు చెప్పినంత మాత్రాన వదిలేవారు కాదు. ఏ ఊరు, ఏ ఇంటిపేరు, మేనమామలెవరు, ఆ ఊరి చెరువు కింద ఈ ఏడు పంట ఎలా ఉంది అని అడిగి అడిగి, ఆ పేరు చుట్టూ ఒక ఊరినే కట్టేవారు. పదేళ్ల తరువాత అదే మనిషి పాతపట్నం సంతలో ఎదురుపడితే పేరు దానంతటదే నోటికి వచ్చేది. ఇప్పటివాళ్లకు ఈ ప్రశ్నలు అనాగరికంగా కనిపిస్తాయి. కులం ఆరా తీయడానికి అదే ప్రశ్న వేసేవాళ్లు ఉన్నారు కాబట్టి ఆ ఏవగింపులో కొంత న్యాయం లేకపోలేదు. కాని ఆ ప్రశ్నను మాని దాని స్థానంలో మనం పెట్టుకున్నదేమిటి? ఫోను. నా ఫోనులోనే "ప్లంబరు రెండు" అనీ, "కరెంటు పాత బస్టాండు" అనీ ఉన్నాయి, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. నిన్న ఆ పెద్దమనిషికి నా ఫోటోలు పంపమని అక్కడికక్కడే ఫోను చేస్తే, ఆయన చేతిలోని తెర మీద వెలిగిన అక్షరాలు నా కళ్లతో చూశాను. "తెలుగు మాస్టర్ రిటైర్డ్." కామేశ్వరరావు గారూ అదే, నేనూ అదే. ఇంకెవరైనా తెలుగు మాస్టారు రిటైరైతే ఆయనా అదే.

అసలు తెలుగువాళ్లం మనం ఈ సాకు చెప్పడానికి వీల్లేదు. అవధాన విద్య మనకుంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు నిషిద్ధాక్షరి అనీ, సమస్య అనీ, దత్తపది అనీ ఎనిమిది వైపుల నుంచి లాగుతుంటే, మధ్యలో అప్రస్తుత ప్రసంగి "మీ ఇంట్లో ఈ పూట కూరేమిటి" అని అడ్డు తగులుతుంటే, అవధాని అన్నింటికీ జవాబు చెప్పి, చివర ధారణలో పద్యాలన్నీ వరుసగా ఒప్పజెబుతాడు. శతావధానంలో ఆ పృచ్ఛకులు నూరుమంది. ఇంత జ్ఞాపకశక్తి కావలసిన విద్యకు మనవాళ్లు పేరు పెట్టేటప్పుడు జ్ఞాపకం అన్న మాటనే వాడలేదు. అవధానం అన్నారు, అంటే మనసు పెట్టి వినడం. అక్కడ ధారణ ఆఖరున వచ్చేది, మొదట ఉండవలసింది అవధానం. మొదటిది లేనివాడు రెండోదాన్ని నిందిస్తే ఏం లాభం?

పరిచయం చేసుకునే సమయంలో మనం చేసే పనిని ఒక్కసారి తలచుకోండి. ఎదుటివాడు పేరు చెబుతుంటే మనం మన పేరు ఎలా చెప్పాలా అని లోపల సర్దుకుంటుంటాం. 1973లో మాల్కం బ్రెనర్ అనే పరిశోధకుడు జనాన్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఒకరి తరువాత ఒకరు మాటలు చదివేలా చేస్తే, ప్రతి ఒక్కరూ తమ వంతుకు సరిగ్గా ముందు వినిపించిన మాటలనే ఎక్కువగా మరిచిపోయారు. తన పేరు మాత్రం అంత సులువుగా చెవి దాటిపోదు. 1959లో నెవిల్ మోరే చేసిన పరీక్షలో, ఒక చెవిలో వచ్చే మాటలను తిరిగి చెప్పడంలో తలమునకలైనవాళ్లలో సుమారు మూడోవంతు మంది, పట్టించుకోని రెండో చెవిలో పలికిన తమ పేరును పసిగట్టారు. సభలో "కామేశ్వరరావు" అని వినిపించినప్పుడు నేను ఎందుకు లేవాలో నాకు తెలియకపోవడానికి కారణం కూడా ఇదే.

మా బస్టాండు దగ్గర టీకొట్టు నడిపే ఆవిడ బడి గడప తొక్కలేదు. గ్లాసు చేతికిచ్చేటప్పుడు "యోగేశ్వర్రావు మాస్టారూ, పంచదార తక్కువ" అని పేరూ రుచీ కలిపి పలుకుతుంది. కొత్తవాడు వస్తే మొదటి టీకి పేరు అడుగుతుంది, చిల్లర ఇచ్చేటప్పుడు ఆ పేరు ఒకసారి అంటుంది, మర్నాడు ఒకసారి, వారం తరువాత కనిపిస్తే మరొకసారి. తప్పు పలికితే ముసిముసిగా నవ్వి దిద్దుకుంటుంది. లాండవర్, బ్యోర్క్ అనే ఇద్దరు 1978లో పేర్లు నేర్చుకోవడం మీదనే పరిశోధించి, ఎడం పెంచుకుంటూ గుర్తుచేసుకోవడం మంచి పద్ధతి అని తేల్చారు. ఆవిడ మరుగుతున్న గిన్నె ముందు నిలబడి రోజూ చేస్తున్నది ఆ పనే. గర్వపడే హక్కు ఎవరికైనా ఉంటే ఆవిడకుంది. ఆమెకు శాలువా కప్పాలని మాత్రం ఏ సంఘానికీ తోచదు.

పేరు విషయంలో సరిహద్దు మనిషికి అసలే గాయాలెక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒడిషా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు, కూతవేటు దూరంలోని పాతపట్నం అటు అయ్యాయి. దానికి నిరసనగా గిడుగు వారు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు, మావాళ్లు ఉండిపోయారు. ఉండిపోయినందుకు మా పేర్లు ఎన్ని వేషాలు వేశాయో చెబితే ఒడవదు. ఒడియాలో వకారం బకారమవుతుంది, మాట మొదటి యకారం జకారమవుతుంది, కాబట్టి నా రేషను కార్డులో నేను జోగేశ్వర రాఓను, నా ఇంటిపేరులోని పొడి అక్షరం వి కాస్తా భి అయింది. మా అన్నయ్య వెంకటరమణ బెంకట రమణ. అది ఆ భాష పలుకుబడి, దానితో నాకు పేచీ లేదు. అక్కడివాళ్లు ఇంటిపేరుకు బాబు చేర్చి పిలుస్తారు, రావు అన్నది ఇంటిపేరనుకొని మమ్మల్నందరినీ రావ్‌బాబు అంటారు. మా స్టాఫ్‌రూములో ముగ్గురు రావులం ఉండేవాళ్లం. ప్యూను గుమ్మంలో నిలబడి "రావ్‌బాబూ" అంటే మూడు తలలు లేచేవి. దానికీ నవ్వుకొని ఊరుకున్నాను. పెళ్లికని టెక్కలి వెళ్తే సొంత మేనత్త కొడుకులు "ఒడిషా బావగారొచ్చారు" అంటారు. దానికీ ఊరుకున్నాను. తెలుగు దినోత్సవం నాడు, తెలుగు సభలో, తెలుగు నోటితో నా పేరు పోతే మాత్రం ఎందుకూరుకోవాలి?

పేరు పోతే మనిషికి ఏమవుతుందో నాకు బడిలోనే తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడికి కొండ మీది సవర పిల్లలు వచ్చేవారు. గిడుగు వారు తన ఇంట్లో సవరలను పెట్టుకొని విని విని నేర్చుకున్న భాష వాళ్లది. నా తరగతిలో ఇద్దరు పిల్లలకు శుక్రవారం పుట్టినందుకు సుక్రు అన్న పేరే ఉండేది. అప్పటి ప్రధానోపాధ్యాయుడు "ఈ పేర్లెవరికి గుర్తుంటాయయ్యా" అని విసుక్కొని, ఒకడికి రామచంద్ర అనీ, మరొకడికి జగన్నాథ అనీ హాజరుపట్టీలో రాయించేశాడు. పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. రెండు వారాలపాటు "రామచంద్ర" అని పిలుస్తుంటే, రెండో బెంచీ చివర చొక్కాకు గుండీలు లేక పిన్నీసు పెట్టుకున్న ఆ పిల్లవాడు, ఎవరా రామచంద్ర అని మిగతావాళ్లతోపాటు వెనక్కి తిరిగి చూసేవాడు. బడిలో కూర్చున్న పిల్లవాడికి రెండు వారాలు గైర్హాజరు పడింది. ఆ హాజరు వేసింది నా కలమే. నేను అడ్డు చెప్పలేదు, ఆ సంగతి వేరే. కాని "గుర్తుండవు" అన్న మాట నవ్వుతూ అన్నప్పుడల్లా నాకు ఆ పిన్నీసు కనిపిస్తుంది.

(గిడుగు వారు వ్యావహారికం కోసం జీవితమంతా పోరాడితే నువ్వు కోపమొచ్చినప్పుడల్లా పంతులు భాషలో రాస్తావేమిటని మా అబ్బాయి అడుగుతున్నాడు. కోపం దిగాక మార్చుకుంటాను.)

ఇంతకూ నిన్న వేదిక మీద ఇచ్చినదాన్ని మనవాళ్లు జ్ఞాపిక అంటారు. ఇంటికి వచ్చి రంగు కాగితం విప్పి చూస్తే, చెక్క పలక మీద ఇత్తడి రేకు, దాని మీద చెక్కిన అక్షరాలు: శ్రీ కామేశ్వరరావు గారికి. అంటే మైకు దగ్గర నోరు జారడం కాదు, వారం ముందే కొట్టుకు వెళ్లి, డబ్బిచ్చి, రాయించి తెచ్చారన్నమాట. మా ఆవిడ దాన్ని షోకేసులో వెనక్కి తిప్పి పెడదామంది. నేనొప్పుకోలేదు. ఈ సాయంత్రం కామేశ్వరరావు గారి ఇంటికి వెళ్లి, ఆయన పెద్దకొడుక్కి ఇచ్చి వస్తాను. ముప్పై రెండేళ్లు పాఠం చెప్పిన మనిషికి బతికుండగా ఎవరూ ఇవ్వలేదు. శాలువా మీద ఎవరి పేరూ లేదు కనుక అది నేనే ఉంచుకుంటాను.