పాస్‌వర్డ్ మార్చేశారట, ఇక భయం లేదట!

పొద్దున్నే అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో ఒకాయన మెసేజ్: "నా మెయిల్, ఫేస్‌బుక్ హ్యాక్ అయ్యాయి. నా పేరుతో ఎవరైనా డబ్బులడిగితే పంపకండి. పాస్‌వర్డ్‌లన్నీ మార్చేశాను, ఇక భయం లేదు." కింద వరసగా దండాలు. ఎక్కణ్ణుంచి మార్చారు సార్ అంటే "అదే ల్యాప్‌టాప్‌లోంచి" అట. శుభం!

దొంగ మంచం కింద నక్కి ఉండగా కొత్త తాళం కొనుక్కొచ్చి, తాళంచెవి దిండు మీద పెట్టి పడుకున్నట్టుంది. ఆ ల్యాప్‌టాప్‌లో కీలాగర్ (మనం కొట్టే ప్రతి అక్షరం దొంగకి పంపే ప్రోగ్రామ్) ఉంటే ఆ కొత్త పాస్‌వర్డ్ అప్పుడే వాడికి చేరిపోయింది. అసలు ఇప్పటి దొంగకి పాస్‌వర్డ్‌తో పనేముంది? మీరు లాగిన్ అయి ఉన్నారని బ్రౌజర్ దాచుకునే గుర్తు, అదే కుకీ, ఎత్తుకుపోతాడు. ఓటీపీ కూడా అడగదు, గూగుల్ లెక్కలో వచ్చింది మీరే కదా. 2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ అనే పెద్ద యూట్యూబ్ ఛానెల్ హ్యాకర్ల చేతికి పోయింది ఇలాగే, స్పాన్సర్ పంపిన పీడీఎఫ్ అనుకుని తెరిచారు. రోజంతా కంప్యూటర్లతోనే బతికేవాళ్లకే దిక్కు లేదు, మనవాళ్లేమో "ఓటీపీ అడిగే టూ స్టెప్ ఉందిగా" అని గురక.

ముందు ఆ ల్యాప్‌టాప్‌కి నెట్ పీకండి. డబ్బు పోయుంటే ఆ క్షణమే బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ కొట్టండి. తర్వాత పాస్‌వర్డ్‌లు ఫోన్‌లోంచి మార్చండి, మొదట మెయిల్. ఫేస్‌బుక్ కాదు, మెయిల్! మిగతావాటి "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" లింకులన్నీ వచ్చిపడేది అక్కడికే. పాస్‌వర్డ్ మార్చి, గూగుల్ అకౌంట్‌లోని "యువర్ డివైసెస్"లో ఆ ల్యాప్‌టాప్‌తో సహా అన్నిటినీ సైనౌట్ చెయ్యండి, ఎత్తుకుపోయిన కుకీ చచ్చేది అప్పుడే. రికవరీ నంబర్, రికవరీ మెయిల్ మీవేనా చూడండి. ఓటీపీ బదులు వాడుకునే బ్యాకప్ కోడ్‌లు కొత్తవి తీసి కాగితం మీద రాసుకోండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి.

ఎవడూ చూడనిది ఒకటుంది: జీమెయిల్ ఫిల్టర్లు. "బ్యాంక్ అన్న మాటున్న మెయిల్ వస్తే చెత్తబుట్టలో వెయ్" అని దొంగ ఒక్క ఫిల్టర్ రాసి పోతాడు. మీరు పాస్‌వర్డ్ పదిసార్లు మార్చుకోండి, అది కదలదు. ఫోన్ యాప్‌లో కనపడదు కూడా. బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ పెట్టి, ఫిల్టర్లూ, మీ మెయిల్ ఇంకో అడ్రస్‌కి పంపే ఫార్వర్డింగూ రెండూ తెరిచి చూడాలి.

ఇక ల్యాప్‌టాప్. "షాపుకి పంపి ఫార్మాట్ కొట్టిస్తా" అన్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఏ సందులో చూసినా ఇదే తంతు: సీ డ్రైవ్ ఒక్కటి ఫార్మాట్ చేసి "డీలో మీ డేటా సేఫ్ సార్" అంటాడు. అవును, రోగం తెచ్చిన సెటప్ ఫైలు అక్కడుంటే అది కూడా డీలోనే సేఫ్! ఆపైన తన పెన్‌డ్రైవ్‌లోంచి క్రాక్ విండోస్, అంటే దొంగ కాపీ, దానికి లైసెన్స్ ఉన్నట్టు నమ్మించే యాక్టివేటర్ ఒకటి. అది ఎక్కాలంటే విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ని ఆపాలి, "ఈ ఫైలు చూడకు" అని ఎక్స్‌క్లూజన్ పెట్టాలి. కాపలా కుక్కకి మత్తుమందు పెట్టినందుకు మనమే కూలి ఇస్తున్నాం. విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌కి యాక్టివేటర్ దేనికయ్యా? లైసెన్స్ ఆ మదర్‌బోర్డుకే కట్టి ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే తనే యాక్టివేట్ అవుతుంది. పైగా పేజీలు కూర్చే 2001 నాటి సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 క్రాక్ ఒకటి ఉచితం, ఎందుకయ్యా అంటే "తెలుగు టైపింగ్‌కి సార్". తెలుగు కీబోర్డు విండోస్‌లోనే ఉందని చెప్తే మనల్ని పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తాడు.

ఫొటోలు, డాక్యుమెంట్లు బయటి డ్రైవ్‌లోకి తీయండి. పేరు చివర ఎక్స్‌ఈ (.exe), ఎస్‌సీఆర్ (.scr) ఉన్న ప్రోగ్రామ్‌లు, షార్ట్‌కట్ ఫైళ్లు ఒక్కటి కూడా వద్దు. రోగం లేని వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి విండోస్ ఎక్కించి, దాంతో ఈ ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ మొదలెట్టండి. ఇన్‌స్టాల్‌లో సీ, డీ అని విడగొట్టిన పార్టిషన్‌లన్నీ డిలీట్ చేస్తే ఆ డిస్కుకి "అన్‌అలొకేటెడ్", అంటే ఖాళీ, అని ఒక్క వరస మిగలాలి. ఇంతా చేసి పాతవన్నీ తిరిగి దించే క్రోమ్ సింక్ గుడ్డిగా ఆన్ చేస్తే, బ్రౌజర్‌కి తగిలించుకున్న దిక్కుమాలిన ఎక్స్‌టెన్షన్ ఏదైనా ఉంటే అదీ మళ్లీ దిగుతుంది, ఎక్స్‌టెన్షన్ల సింక్ ఆపి మొదలెట్టండి.

ఇదంతా గ్రూప్‌లో పెడితే ఆయన జవాబు: "అంత అక్కర్లేదండీ, యాంటీవైరస్ స్కాన్ చేశా, ఏం లేదంది. ఫుల్ వెర్షనే, మా షాపతను ఫ్రీగా వేసిచ్చాడు."