గొళ్లెం లేని తలుపు, పిల్లల మూత్రంలో మంట

మా పాప రెండో తరగతిలో ఉన్నప్పుడు, పొద్దున నింపి పంపిన నీళ్ల బాటిల్ సాయంత్రం నింపినట్టే తిరిగొచ్చేది. వ్యాన్ దిగగానే షూలైనా విప్పకుండా బాత్రూమ్‌కి పరుగు. ఒక్కోసారి మధ్యలోనే ఆగి మడమ మీద గట్టిగా కూర్చుండిపోయేది. ఆటనుకున్నాం. ఆపుకుంటోందని అర్థమయ్యేలోపు రెండుసార్లు జ్వరం వచ్చింది.

విశాఖ ఉక్కపోతలో పిల్లలకు మంట అనగానే ‘వేడి చేసింది’ అంటాం. బార్లీ నీళ్లు, కొబ్బరినీళ్లు పడతాం. మంచివే, కానీ వాటితో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ పోదు. చాలావరకు దానికి కారణం పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా. ఆడపిల్లల్లో మూత్రనాళం పొట్టిది కాబట్టి తేలిగ్గా పైకి పాకుతుంది. ఏడాదిలోపు మగబిడ్డలకూ ముప్పు తక్కువేం కాదు. కొందరికి పుట్టుకతోనే మూత్రం కిడ్నీల వైపు వెనక్కి తన్నే లోపం ఉంటుంది. జ్వరంతో ఇన్‌ఫెక్షన్ వచ్చిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మందిలో ఇది బయటపడుతుంది. ఇవేవీ మన చేతిలో లేవు.

మన చేతిలో ఉన్నవి ఆపుకోవడం, మలబద్ధకం. ఆరేళ్ల బిడ్డ మూత్రాశయంలో పట్టేది సుమారు 240 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసు. మధురవాడలోనో గాజువాకలోనో ఏడున్నరకే వ్యాన్ ఎక్కిన పిల్ల నాలుగింటిదాకా బిగబట్టుకుంటే, నిలిచిన మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుంది. నీళ్లు తాగకపోతే మలం గట్టిపడి మూత్రాశయాన్ని నొక్కుతుంది. దాంతో వెళ్లినప్పుడు కూడా పూర్తిగా ఖాళీ అవదు. ‘విరేచనం సాఫీగా అవుతోందా’ అని డాక్టర్ అడిగేదాకా నాకా సంబంధమే తట్టలేదు.

బిడ్డకు ఇన్‌ఫెక్షన్ అంటే అందరూ తల్లి శుభ్రత వైపే చూస్తారు. అది అన్యాయం. బడిలో ఎందుకు ఆపుకుంటున్నావని అడిగితే మా పాప చెప్పింది ఒక్కటే: “తలుపుకి గొళ్లెం లేదమ్మా.” కేరళ బడుల్లో 2019లో నీళ్లు తాగమని గంట కొట్టడం మొదలుపెట్టారు. మంచి ఆలోచన. కానీ వెళ్లడానికి చోటు లేని పిల్ల గంట కొట్టినా తాగదు.

రెండేళ్లలోపు పిల్లలు మంట అని చెప్పలేరు. జలుబు, దగ్గు లేకుండా జ్వరం, వాంతులు, చిరాకు ఉంటే మూత్ర పరీక్ష సంగతి మీరే అడగండి. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లినా, వీధి చివరి క్లినిక్‌కి వెళ్లినా కల్చర్‌కి, అంటే మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్షకి, శాంపిల్ ఇచ్చాకే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ఇంట్లో మిగిలిన సిరప్ ముందే పట్టేస్తే కల్చర్‌లో ఏమీ దొరక్కపోవచ్చు. వైద్యం ఆలస్యమైతే కిడ్నీ మీద మచ్చలు పడే ప్రమాదముంది.

మేం నలుగురు తల్లులం వెళ్లి అడిగాక గొళ్లెం బిగించారు. కుళాయిలో నీళ్లు మాత్రం మధ్యాహ్నం తర్వాత రావడం లేదట.