ఓటమి ఎరుగని ప్రెసిడెంటు గారు

వశిష్ఠ ఒడ్డున ఒక ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. ఊరి పేరు చెప్పను, మీ ఊళ్లోనూ కట్టే ఉంటారు. అందులో ప్రెసిడెంటు గారు తెల్ల పంచె మీద బాక్సింగ్ గ్లవ్స్ తొడుక్కుని నిలబడ్డారు. రెండు గ్లవ్సూ ఎడమ చేతివే. డీటీపీ కుర్రాడు ఒకటి కాపీ చేసి రెండో చేతికి అతికించినట్టున్నాడు. పై మూల, మామూలుగా దేవుణ్ణి పెట్టే చోట, మహమ్మద్ అలీ. కింద పాస్‌పోర్టు ఫొటోల్లో అభిమానులు. మధ్యలో పెద్దక్షరాలతో: "ఓటమి ఎరుగని ఛాంపియన్".

నిజమే, ఎరగరు. రెండుసార్లు సర్పంచిగా ఏకగ్రీవం. సొసైటీకి నామినేటెడ్ అధ్యక్షుడు. గుడి కమిటీకి జీవో మీద వచ్చిన చైర్మన్. మూడు బెల్టులు, ఒంటి మీద ఒక్క గీత లేదు. 1938లో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే బాక్సర్ కూడా మూడు బరువు విభాగాల్లో ఒకేసారి ఛాంపియన్‌గా ఉన్నాడు. కాకపోతే ఆయనకి మా ప్రెసిడెంటు గారి తెలివి లేదు. మూడో బెల్టు కోసం నోట్లోని నెత్తురు మింగుతూ కొట్లాడాడు.

నా అభ్యంతరమల్లా ఆ మూల ఫొటోతోనే. అలీ ఐదుసార్లు ఓడాడండీ! 1971లో జో ఫ్రేజియర్ చివరి రౌండ్లో ఆయన్ని నేలకేసి మరీ ఓడించాడు. 1973లో కెన్ నార్టన్ దవడ విరగ్గొట్టాడు. బుద్ధున్నవాడైతే ఆ ఇద్దరి ఇళ్లున్న వీధిలోకే వెళ్లడు. ఈయన ఆర్నెల్లకే నార్టన్‌తో మళ్లీ తలపడ్డాడు, తర్వాత ఫ్రేజియర్‌తో. అదీ చాలక, ఆ ఇద్దర్నీ రెండేసి రౌండ్లలో మట్టి కరిపించిన ఫోర్‌మన్‌ని వెతుక్కుంటూ 1974లో ఆఫ్రికాలోని కిన్షాసా దాకా పోయాడు. షుగర్ రే రాబిన్సన్ సంగతి మరీ ఘోరం. 1943లో జేక్ లమోటా చేతిలో ఓడిపోయి, మూడు వారాల్లో మళ్లీ అదే మనిషి ముందు నిలబడ్డాడు. మొత్తం ఆరుసార్లు ఆ ఇద్దరూ కొట్టుకున్నారు. వీళ్లకి సలహాలిచ్చే పెద్దమనుషులు లేకపోబట్టి గానీ!

ఒకవేళ ప్రెసిడెంటు గారు నిజంగానే రింగ్ ఎక్కుతానన్నారనుకోండి. అనరు. అనుకోండి.

ముందు భీమవరం నుంచి కోడిపందేల జోస్యం చెప్పే కుక్కుట శాస్త్రం తెలిసిన పెద్దాయన్ని కారు పంపి రప్పిస్తారు. ఆయన పంచాంగం తిరగేసి, ఆ రోజు డేగ రంగు పుంజు గెలుస్తుందో కాకి రంగు పుంజు గెలుస్తుందో చూసి, ప్రెసిడెంటు గారు ఏ రంగు కిందికొస్తారో తేలుస్తారు. ఛాయను బట్టి కాకి. అనుచరులు ఒప్పుకోక నెమలి అని రాయిస్తారు. కత్తి కట్టొచ్చా అన్న చర్చ వస్తుంది. మనకి కట్టి, ఎదుటివాడికి కట్టకుండా ఉంటే శాస్త్రం ఒప్పుతుందని తీర్మానం. ఇక ఎదుటివాడెవడు?

"తాపీమేస్త్రి కొడుకు సరదా పడుతున్నాడండీ, జిమ్ముకెళ్తాడు."

"వాడొద్దు. వయసులో ఉన్నాడు."

"పోనీ రిటైరైన పీఈటీ మాస్టారండీ?"

"ఆయనకి నా మీద కోపముంది."

"పోస్టుమాను గారైతేనో? మోకాళ్ల నొప్పులండి. కుడి కంటికి ఆపరేషన్ కూడా అయింది."

"మరి ఎడం కన్ను?"

"కనపడుద్దండి."

"అదే వద్దంటున్నా!"

చివరికి ఎదుటి మనిషి లేకుండానే పన్నెండు రౌండ్లు ఖాయం చేస్తారు. రిఫరీ బావమరిది గారు. రౌండుకో కొబ్బరి బొండం. ఏడో రౌండ్లో ప్రెసిడెంటు గారు తాడు కాలికి తగిలి బోర్లా పడతారు. బావమరిది గారు "ఒకటి... ఒకటింపావు... ఒకటిన్నర..." అని లెక్కపెడుతూ, మధ్యలో టీ తాగొచ్చి, తొమ్మిదీ ముప్పావు దగ్గర లేపుతారు. తాడు ప్రత్యర్థి వర్గం కుట్రేనని తేల్చి తాడు మీద కేసు పెడతారు. పాయింట్లు చూస్తే తాడుకి సున్నా. ఏకగ్రీవ విజయం, బాణసంచా, ఇంకో ఫ్లెక్సీ.

ఉక్రెయిన్ మనిషి ఉసిక్‌కి ఈ శాస్త్రం ఎవరూ చెప్పలేదు. 2018లో రీగాలో బ్రీడిస్‌ని, మాస్కోలో గసీవ్‌ని, మాంచెస్టర్లో బెల్యూని, ఎవరి గడ్డ మీద వాళ్లనే ఓడించి వచ్చాడు. మా ప్రెసిడెంటు గారు ఎన్నికల కోసం పక్క వార్డుకే వెళ్లరు. నాకు అందరికంటే ఇష్టుడు మాత్రం ఫ్లాయిడ్ ప్యాటర్సన్. సనీ లిస్టన్ జోలికి వద్దని మేనేజర్ ఎంత ఆపినా వినకుండా 1962లో రింగ్ ఎక్కాడు. ఓడితే ముఖం చూపించలేనని ముందే ఒక పెట్టుడు గడ్డం వెంట తెచ్చుకున్నాడు! మొదటి రౌండ్లోనే పడిపోయాడు, గడ్డం పెట్టుకుని చీకట్లో వెళ్లిపోయాడు. మరుసటేడు అదే లిస్టన్‌తో మళ్లీ తలపడి, మళ్లీ మొదటి రౌండ్లోనే పడ్డాడు. అంత భయం కడుపులో పెట్టుకుని రెండోసారి మెట్లెక్కినవాడి ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు.

శామ్ లాంగ్‌ఫోర్డ్ అనే నల్లజాతి బాక్సర్ పేరు తలుచుకుంటే మాత్రం నాకు నవ్వు రాదు. నల్లవాడన్న సాకుతో తెల్లవాళ్లు టైటిల్‌కి ఏళ్ల తరబడి దూరంగా ఉంచిన జాక్ జాన్సనే, 1908లో బెల్టు చేతికొచ్చాక లాంగ్‌ఫోర్డ్‌కి ఒక్క అవకాశం ఇవ్వలేదు. తర్వాత హ్యారీ విల్స్ అనే మరో నల్లజాతి బాక్సర్ వచ్చాడు. తెల్లవాడైన జాక్ డెంప్సీ 1919 నుంచి 1926 దాకా ఛాంపియన్‌గా ఉన్నాడు, ఆ ఏడేళ్లలో విల్స్‌తో ఒక్కసారీ తలపడలేదు. వేరే ఎవరూ రాకపోతే లాంగ్‌ఫోర్డ్, విల్స్ ఒకరినొకరు పదిహేనుసార్లకి పైగా కొట్టుకున్నారు. బతకాలి కదా! 1944లో ఒక విలేకరి వెతికి పట్టుకునేసరికి లాంగ్‌ఫోర్డ్ న్యూయార్క్ హార్లెమ్‌లో ఒక గదిలో, చూపు లేకుండా, చేతిలో పైసా లేకుండా ఉన్నాడు. ఎదురు నిలబడగలిగినవాణ్ణి గుమ్మం బయటే ఆపేసి, నాకు సాటి లేరని విర్రవీగడానికి సిగ్గుండాలి.

ఇక్కడ గుమ్మం బయట ఆపినందుకు బహుమతి కూడా ఉంది. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఏకగ్రీవమైన ఊరికి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రభుత్వమే ప్రకటించింది. అందరూ ఒక్క మాట మీద ఉంటే సంతోషమే, ఎవరు కాదన్నారు? ఆ మాట ఎలా ఒక్కటవుతుందో మనకి తెలియదా? డ్వాక్రా సంఘం నడిపే ఆవిడ ధైర్యం చేసి నామినేషన్ వేస్తుంది. తెల్లారేసరికి వాళ్లాయన కౌలుకి చేస్తున్న చేను వెనక్కి ఇచ్చేయమంటారు. కాలవ నీళ్ల వంతు వాళ్ల మడి దగ్గరికొచ్చేసరికి ఆగిపోతుంది. మీద చెయ్యి వెయ్యరు, గొంతు కూడా పెంచరు, అమ్మా అనే పిలుస్తారు. మూడో రోజున ఆవిడ ఉపసంహరణ పత్రం మీద సంతకం పెడుతుంది. సాయంత్రం స్టేజీ ఎక్కించి, ఊరి ఐకమత్యం కోసం త్యాగం చేశారంటూ శాలువా కప్పుతారు. చేను మాత్రం తిరిగి ఇవ్వరు.