సీతమ్మ పేరు సరే, గరిటె పట్టిన చేతి సంగతేంటి?

ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. అంతకుముందు ఏ పేరుందో, ఎందుకు మారిందో మీకు తెలిసిందే, ఆ గొడవలోకి పోను. పథకాలకు నాయకుల పేర్లు చూసి చూసి విసిగిపోయిన నాకు ఈ పేరు మాత్రం నచ్చింది. ఆమె ఏ ఎన్నికల్లోనూ నిలబడలేదు. వచ్చినవాళ్లకు అన్నం పెట్టింది, అంతే.

ఆ 'అంతే' దగ్గరే కాసేపు ఆగుదాం. సీతమ్మ 1841లో మండపేటలో పుట్టి లంకల గన్నవరానికి కోడలిగా వచ్చింది. గోదావరి పాయలు, కాలువలు, రేవులు ఉన్న ఊళ్లు అవి. ఇప్పట్లా అడుగడుక్కీ వంతెనలు లేవు. పడవ తప్పితే ప్రయాణం అక్కడితో ఆగినట్టే. వేళగాని వేళ ఆకలితో దిగినవాళ్లకు తెలిసిన గుమ్మం ఆమెది. అర్ధరాత్రి తలుపు తట్టినా వండి పెట్టేదని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కట్టెలపొయ్యి అంటే లైటర్ నొక్కి స్టవ్ వెలిగించడం కాదండీ. బూడిద తీయాలి, నిప్పు రాజెయ్యాలి, ఎసరు కాగేదాకా ఆ పొగలో కళ్లు నలుపుకుంటూ కూర్చోవాలి. అదీ ముక్కూ మొహం తెలియని మనిషి కోసం. దీన్ని దానం అనడం నాకిష్టం లేదు. దానం పండగనాడు, పదిమంది చూస్తుండగా కూడా చేయొచ్చు. ఇది రోజువారీ చాకిరీ. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవానికి పిలుపొచ్చినా వెళ్లలేదంటారు. వెళ్తే ఇంటికొచ్చినవాళ్లకు ఎవరు పెడతారు?

ఒక్కరి దయతో లోకం మారదు, ఆకలి తీర్చాల్సింది ప్రభుత్వం, ఇలాంటి కథలు అది బాధ్యత తప్పించుకోవడానికే పనికొస్తాయని కొందరు మిత్రులు అంటారు. అందులో సగం నిజం. కానీ ఆ బాధ్యత ఒకటుందని మనకు తట్టిందెలా? ఆకలితో వచ్చినవాణ్ని ఊరూ పేరూ అడక్కుండా విస్తరి వేయొచ్చని ఎవరో ఒకరు ముందు చేసి చూపించాలి. హక్కు కాగితం మీదకి ఎక్కేది ఆ తర్వాతే. సీతమ్మ 1909లో చనిపోయింది. బడిపిల్లలకు వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2001లో. ఉమ్మడి రాష్ట్రంలో అది మొదలైంది 2003 జనవరిలో. ఒక పల్లెటూరి ఇల్లాలికి తెలిసిన సంగతి వ్యవస్థకు ఎక్కడానికి తొంభై ఏళ్లు దాటింది!

ఇక నన్ను నిజంగా కుదురుగా కూర్చోనివ్వని సంగతి. బోర్డు మీద పేరు సీతమ్మది, సరే. రోజూ ఆమె పని చేస్తున్నదెవరు?

మొన్న ఒక బడిలో భోజనాల వేళ కూర్చున్నాను. ఒకటో తరగతి పిల్లాడు గుడ్డు పెంకు తీయలేక కింద పడేసుకునేలా ఉన్నాడు. వంటామె గరిటె పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, పెంకు ఒలిచి, గుడ్డు రెండు ముక్కలు చేసి వాడి పళ్లెంలో పెట్టింది. పక్కనున్న పిల్లకు అడక్కుండానే ఇంకో గరిటెడు అన్నం వేసింది. 'పొద్దున ఏమీ తినకుండా వచ్చుంటదండీ, మొహం చూస్తే తెలీదా' అంది నాతో. పెంకు ఒలవమని ఏ జీవోలోనూ లేదు. మొహం చూడమని ఏ మెనూలోనూ రాయలేదు. సీతమ్మ వారసత్వం అని ఉపన్యాసాల్లో ఊదరగొట్టేది నాకు కంటికి కనిపించింది అక్కడే.

ఆమెకు ఇచ్చేది నెలకు 3,000 రూపాయలు. 2019లో వెయ్యి నుంచి పెంచారు. రోజుకు వంద లెక్కన పడుతుంది. దాన్ని జీతం అని కూడా అనరు, 'గౌరవ వేతనం' అంటారు. గౌరవం ఎక్కడుందో నాకైతే అర్థం కాలేదు. మంచితనం మనుషుల్లో ఉచితంగా దొరుకుతుంది కదా అని దాని మీద పథకాలు నడిపేయడం మన ప్రభుత్వాలకు, ఏ పార్టీవైనా సరే, బాగా అలవాటైంది. అంగన్‌వాడీ అయినా, ఆశా అయినా ఇదే వరస. ఆడవాళ్ల ఓపికను బడ్జెట్‌లో కనిపించని పద్దుగా వాడేసుకుంటారు. సీతమ్మ తన పొలం పంటతో పెట్టింది, అది ఆమె ఇష్టం. ఈమె ప్రభుత్వం పని చేస్తోంది. ఈమెకు కనీస వేతనం ఇవ్వకుండా ఆమె బొమ్మకు దండ వేస్తే ఏం లాభం?

గిన్నెలు తోముతుండగా అడిగాను, వేసవి సెలవుల్లో ఏం చేస్తావమ్మా అని. తల ఎత్తకుండానే చెప్పింది: 'ఉపాధి పనికి పోతానండీ. అదీ దొరికితే.'