ఇంటికొక రంపం: ఒక ప్రతిపాదన

కడప నగరంలో అంగడికి పోయి రంపం కొనుక్కునే దురలవాటు ప్రబలిపోవడం పట్ల ఏడాదిగా నేను తీవ్రమైన ఆందోళనలో ఉన్నాను. కొన్నవాడు ఆ సాయంత్రానికే చెక్క కోసి, పని ముగించి, హాయిగా నిద్రపోతున్నాడు. ఇటువంటి సుఖం జాతిని ఎటు నడిపిస్తుందో ఆలోచించేవారు లేరు. అందువల్ల మా ఆవిడ వంటింట్లోకి ఒక పీట కావాలన్నప్పుడు, దాని కాళ్ళకు కుసులు (పలక రంధ్రాల్లో ఇమిడే కొసలు) కోసే రంపాన్ని ముందుగా నా చేతులతోనే తయారు చేయాలని నిశ్చయించుకున్నాను. ఆమె అడిగింది నిరుటి ఉగాదికి.

ఇలా కుసులు కోసే అతుకుల రంపం సామాన్యమైన వస్తువు కాదు. దాని రేకు మందం సుమారు అర మిల్లీమీటరే. అంత పలుచని రేకు తోసేటప్పుడు వంగిపోకుండా వీపు వెంబడి ఇత్తడి పట్టీ బిగించాలి. రేకు కోసం పాత ఇనుప సామాన్ల అంగట్లో ఒక పెద్ద రంపం కొన్నాను గానీ, దాని మందం ఎక్కువైనందున అది ప్రస్తుతం మా గోడకు అలంకారంగా ఉన్నది. తరువాత స్ప్రింగ్ స్టీలు రేకును వేరే ఊరి నుంచి తెప్పించాను. ఇత్తడి పట్టీలో గాడి తీయడానికి ఇనుము కోసే రంపం, పిడిని వంపులు తిప్పి కోయడానికి సన్న రంపం కూడా కొనవలసి వచ్చింది. "సార్, ఒక రంపం చేసేదానికి మూడు రంపాలు గావాల్నా?" అని మా వీధి ఆచారి అడిగాడు. నిత్యం పనిలో మునిగి ఉండేవారికి సిద్ధాంతం బోధపడదు.

పిడికి ఎర్రచందనం వాడితే మన ప్రాంతపు గౌరవం నిలబడుతుందని మొదట తలచాను. కానీ పిడితోపాటు బేడీలు కూడా చేతికి వస్తాయని తెలిసి, వేపతో సరిపెట్టుకున్నాను. ఇత్తడిని మాత్రం మా పెరటి కడప బండ మీద గరుకు కాగితం పరచి చదును చేశాను. మన బండ ఉండగా పరాయి చదును మనకెందుకు?

అసలు తపస్సు పళ్ళ దగ్గర మొదలవుతుంది. పది అంగుళాల రేకుకు అంగుళానికి 15 చొప్పున 150 పళ్ళు తీయాలి; అంటే 1.7 మిల్లీమీటర్లకొక గీత గీసిన కాగితాన్ని రేకుకు అంటించి, ప్రతి గీత దగ్గర మూడు పలకల ఆకురాయితో ఒకే లోతుకు, ఒకే వాలుకు రాయాలి. నలభయ్యో పన్ను దగ్గర ఫోను మోగింది. నలభై ఒకటో పన్ను ఇప్పటికీ తన పొరుగువాటి కంటే పొట్టిగానే ఉన్నది. ఆ తరువాత పళ్ళను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు రవ్వంత వంచాలి. లేకపోతే కోత ఇరుకై రేకు అందులోనే పట్టేస్తుంది. ఒక వైపు వంపు ఎక్కువైతే రంపం గీత వదిలి అటువైపే నడుస్తుంది. నాది ఎడమకు నడుస్తున్నది. దీనిని సైద్ధాంతిక స్ఫూర్తిగా భావించవద్దని వామపక్ష మిత్రులకు మనవి.

ఇంతలో మరొక సత్యం బయటపడింది. కుసి చెంపలను, అంటే దాని పక్కలను, చెక్క నార వెంబడి కోయాలి, అందుకు ఉలి వాదర వంటి పళ్ళు కావాలి. కుసి భుజాలను, అంటే అది మొదలయ్యే చోటి మెట్టును, నారకు అడ్డంగా కోయాలి, అందుకు కత్తి మొన వంటి పళ్ళు కావాలి. కాబట్టి నాకు రెండో రంపం అవసరం. రేషన్ కార్డుకొక ఆకురాయి, ఇంటికొక ఇత్తడి పట్టీ ప్రభుత్వమే సరఫరా చేస్తే, జిల్లాలో ఏ గృహస్థూ నాలుగైదేళ్ళ వరకు ఖాళీగా కూర్చునే ప్రమాదం ఉండదు.

రెండో రేకుకు పళ్ళు రాయాలంటే దానిని కదలకుండా పట్టి ఉంచే రెండు చెక్కలు కావాలి. ఎడమకు నడిచే రంపంతో అవి తిన్నగా తెగవు కనుక, సిద్ధాంతాన్ని ఒక పూటకు పక్కన పెట్టి ఆచారి దగ్గరికి వెళ్ళి రంపం అరువు అడిగాను.

"సాయంత్రానికల్లా తెచ్చీండి సార్" అన్నాడు ఆయన. "అమ్మగారు పీట చేయమన్నారు, దాంతోనే కోయాల."