బీరువా ఎక్కని ల్యాప్‌టాప్

మధ్యతరగతి ఇంట్లో ఒక వస్తువుకు ఎంత గౌరవముందో తెలియాలంటే బీరువాలో దానిది ఏ అరో చూడాలి. మా పెద్ద ల్యాప్‌టాప్‌ది రెండో అర. ఇంటి దస్తావేజులకు కింద, పట్టుచీరలకు పైన. కొన్ననాడే మూత మీద పసుపు కుంకుమలు పడ్డాయి. అంచున అంటించి వచ్చిన ప్లాస్టిక్ పొరను ఇంతవరకూ పీకలేదు. మా అబ్బాయి బడి ప్రాజెక్టు కోసం అడిగితే ముందు చేతులు కడుక్కుని రమ్మంటాం, తర్వాత తాళంచెవి వెతుకుతాం. ఈలోగా వాడు పక్కింటికి వెళ్లి పని ముగించుకుని వస్తాడు.

అందుకని చిన్నది కొన్నాం. పదకొండున్నర అంగుళాల తెర, కిలో పైచిలుకు బరువు. దాని నివాసం బియ్యం డబ్బా మీద.

ఈ చవక సుఖం ఊరికే రాలేదు. బడిపిల్లలందరికీ వంద డాలర్ల ల్యాప్‌టాప్ అని 2005లో అమెరికా సాంకేతిక నిపుణుడు నికొలస్ నెగ్రోపోంటి ప్రకటించారు. తయారయ్యేసరికి ధర రెండింతలకు దగ్గరైంది. 2006లో మన కేంద్ర విద్యాధికారులు అసలే వద్దన్నారు. ముందు తరగతి గదులు, ఉపాధ్యాయులు కావాలన్నారు. న్యాయమైన మాట. ఆ గదులూ ఉపాధ్యాయులూ దారిలోనే ఉన్నారు, కాస్త ఆలస్యమైందంతే. 2007లో ఏసస్ కంపెనీ వారి ఈ-పీసీ అనే బుల్లి ల్యాప్‌టాప్ వచ్చింది. ఏడంగుళాల తెర, 4 జీబీ నిల్వ. ఇప్పటి పెళ్లి వీడియోలో తలంబ్రాల దాకా కూడా పట్టదేమో! అయినా జనం ఎగబడి కొన్నారు. 2023లో రిలయన్స్ జియో వారి ల్యాప్‌టాప్ జియోబుక్ 16,499 రూపాయలకు వచ్చింది, బరువు 990 గ్రాములు.

నిపుణులు వీటి ప్రాసెసర్లను చూసి పెదవి విరుస్తారు. వారి ఇళ్లలో బీరువాలు ఉండవు కాబోలు. మా చిన్నదాని మీద అమ్మ కొబ్బరినూనె చేత్తోనే ప్రవచనం పెట్టుకుంటుంది. పాపకు ఎక్కాలు అందులోనే, మా ఆవిడ చీటీల లెక్కలూ అందులోనే. ఒక మీట ఊడితే లక్క బిళ్లలా మళ్లీ నొక్కి పెట్టాం. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. పెద్దదాని మీద ఒకసారి చీమ పాకితే ఇంటిల్లిపాదికీ విచారణ జరిగింది.

పోయిన దసరాకు ఆయుధపూజ కోసం పెద్దదాన్ని దించాం. బొట్టు పెట్టి, హారతిచ్చి, మీట నొక్కితే వెలగలేదు. వాడకుండా ఉంచితే బ్యాటరీ చచ్చిపోతుందని మెకానిక్ అన్నాడు. నమ్మబుద్ధి కాక, అది నిజమేనా అని చిన్నదాంట్లో వెతికాం.